గడ్డి మీంచి కొలిచిన వేలు

ఆయన్ని అందరూ వేలు మామయ్య అనేవారు. విత్తే యంత్రం వెనకాలే నడుస్తూ, కొంచెం దూరానికోసారి వంగి చూపుడువేలు నేలలో గుచ్చడం ఆయన అలవాటు. రెండో కణుపు దాకా దిగాక గింజ తగిలితే లోతు సరిగ్గా ఉన్నట్టు. ట్రాక్టరు మాత్రం భార్యే నడిపేది. "స్టీరింగు ఆయన చేతికిస్తే చాళ్లన్నీ వంకర్లే" అనేది ఆవిడ.

వాళ్లు ఆ చేను దున్నడం మానేసి చాలా కాలమైంది. పచ్చిరొట్ట పెంచి, రోలరుతో పడగొట్టి, ఆ గడ్డి పరుపు మీంచే మొక్కజొన్న విత్తేవారు. వానపాములతో గుల్లబారిన ఆ మట్టంటే ఆవిడకి ప్రాణం. కానీ చేను ఆవిడదీ, ఆవిడ అన్నయ్యదీ ఉమ్మడిది. కిందటేడు సగం మొలిచి సగం మొలవక చేను పళ్లూడిన నోరులా కనబడేసరికి అన్నయ్య విసిగిపోయాడు.

"ఈసారీ ఇలాగే మొలిస్తే నాగళ్లు దింపేస్తానమ్మా. తర్వాత నన్నేమీ అనకు."

విత్తే రోజు పొద్దున్నే మామయ్య వేలు గుచ్చి, "భేషుగ్గా ఉంది, పోనీ" అన్నాడు. ఆవిడ పోనివ్వలేదు. దిగొచ్చి, చాలు మీది గడ్డిని రెండు చేతులా పక్కకి తోసింది. మంచుకి తడిసిన గడ్డి, దాన్ని కోసి చాలు తెరవాల్సిన యంత్రం డిస్కుకి తెగక చాల్లో మడతపడింది. గింజ మట్టిలోకి దిగకుండా, ఆ మడత మీద కొత్తల్లుడిలా దర్జాగా పడుకుని ఉంది.

"ఏవండీ, మీరు కొలుస్తున్నది గడ్డి మీంచా, మట్టి మీంచా?"

"పైనుంచే కదా కొలిచేది."

"ఏ పైనుంచి?"

ఆయన తన వేలికేసి చూసుకున్నాడు. అది కొలిచింది సగం గడ్డినే; కిందటేడు సగం గింజలు ఎందుకు మొలవలేదో అప్పుడు తెలిసొచ్చింది. చెవులు ఎర్రబడ్డాయి. ఆవిడకి కోపం రావలసింది, నవ్వొచ్చింది.

గడ్డి ఎండి చేతిలో పుటుక్కున విరిగేదాకా ఆగారు. గింజ ఎంత లోతున పడాలో నిలిపే లోతు చక్రాన్ని ఒక మెట్టు మార్చి, దాన్ని నేలకి నొక్కిపెట్టే స్ప్రింగులు బిగించారు. మరీ బిగిస్తే మెత్తటి చోట చక్రం దిగబడింది, వదులు చేస్తే గట్టి చోట గాల్లో తేలింది. ఆఖరికి చేత్తో తిప్పితే మొండికేస్తూనే తిరిగేలా కుదిరింది. "అచ్చం మీలాగే" అందావిడ. ఒక వరస చక్రం కుదిరిందని మురిసిపోకుండా యంత్రంలోని అన్ని వరసలూ అలాగే సరిచేశారు.

మొలకలొచ్చేదాకా ఆవిడకి తిండి సహించలేదు.

అన్నయ్య వచ్చాడు, ట్రాక్టరు వెనక నాగళ్లు తగిలించుకుని మరీ. చేను ఈ కొస నుంచి ఆ కొసకి ఒకే ఎత్తున పచ్చగా నిలబడి ఉంది. అయినా నమ్మకం చాలక, ఒక మొలక పక్కన కూర్చుని గడ్డి మీద వేలు పెట్టాడు.

మామయ్య గొంతు సవరించుకున్నాడు. "బావగారూ, ముందు గడ్డి పక్కకి జరపాలండి" అన్నాడు, పుట్టినప్పటినుంచీ తెలిసినవాడిలా.

ఆవిడ నవ్వాపుకోలేక మొహం తిప్పుకుంది. అన్నయ్య గడ్డి జరిపి, మట్టిలో వేలు గుచ్చాడు.

"రెండో కణుపు దాకా దిగాకే గింజ తగిలిందమ్మా" అన్నాడు. నాగళ్లు దింపకుండానే వచ్చిన దారిన వెళ్లిపోయాడు.