వెతికితే కనబడని ఎర్రిస్వామి

2023 వేసవి. గుమ్మఘట్టలో బస్సులు ఆగేచోట నా నెట్ సెంటర్. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటర్, కరెంటు పోతే విసురుకోవడానికి అట్టముక్కలు. దరఖాస్తులు నింపడం, రెజ్యూమె టైపు చేయడం నా పని. రెజ్యూమె అంటే మన చదువూ అనుభవమూ చెప్పే కాగితం. ఈ మధ్య కంపెనీలు దాంతోపాటు ప్రొఫైల్ లింక్ కూడా అడుగుతున్నాయి. సోషల్ మీడియాలో నీ పేజీ ఎక్కడుందో చూపించమని. ఇవ్వకపోతే వాళ్లే పేరు కొట్టి వెతుక్కుంటారు.

ఒక మధ్యాహ్నం ఎర్రిస్వామి వచ్చాడు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదివాడు. పల్లెల్లో బోరు మోటార్లు బాగు చేస్తుంటాడు. గాలిమరలు నడిపే బెంగళూరు కంపెనీకి అతని దరఖాస్తు నేనే పంపాను. లింక్ అడిగితే అప్పుడు "లేదక్కా" అన్నాడు. ఇంటర్వ్యూ బాగా జరిగింది. ఆర్డరు వస్తుందని వాళ్ల నాయన ఊరంతా చెప్పుకున్నాడు కూడా.

"వద్దన్నారక్కా" అన్నాడు కుర్చీలో కూలబడి. "నీ ఫోటోలు చూసినాం, కుదరదు అని ఆ కంపెనీ మేడం ఫోన్ పెట్టేసె. నేను ఏం ఫోటోలు పెట్టినానో నాకే తెల్దు."

కంపెనీ వాళ్లు వెతికినట్టే నేనూ పేరు, జిల్లా కొట్టాను. వరసగా ఎర్రిస్వాములే. మా వైపు ఒక అవధూతకు మొక్కుకుని పుట్టిన బిడ్డకు ఆ పేరు పెడతారు. ఏ ఊళ్లో పిలిచినా ఇద్దరు ముగ్గురు పలుకుతారు. అందరికంటే పైన ఉన్నవాడు వేటకొడవలి పట్టుకుని, ఎవరినో నరుకుతానని రాసి ఉన్నాడు. ఊరి పేరు లేదు, ముఖం సగమే ఉంది.

"ఈడు నువ్వేనా?"

"అయ్యో, కాదక్కా."

"మరి నువ్వు యాడుండావప్పా?"

"నేను ఈడ లేను." కుర్చీ నా పక్కకు లాక్కున్నాడు. "రాకీ కింగ్ అని కొట్టక్కా."

కొట్టాను. నల్లద్దాలు పెట్టుకుని మా ఎర్రిస్వామి.

"ఏందప్పా ఈ అవతారం?"

"ఐటీఐలో ఆ పక్క జిల్లాలోళ్లు ఉండిరి. ఎర్రి అంటే పిచ్చి అంట వాళ్లకు, ఎర్రోడా, ఎర్రోడా అని నవ్వుతాండిరి. అందుకే మార్చుకుంటి."

రాకీ కింగ్ పేజీ పైనుంచి కిందికి చూశాము. సిగరెట్టుతో ఉన్నవి, సినిమా హీరోల అభిమానులను తిట్టినవి తీసేయించాను. మోటారు విప్పి వైండింగ్ చుట్టే వీడియోలు మాత్రం ఉంచమన్నాను. పేరు మళ్లీ ఎర్రిస్వామి అని మార్చమంటే మాత్రం వెనకాడాడు.

"మళ్లీ నవ్వుతారేమో అక్కా."

"నవ్వితే నవ్వనీ. ఆ కొడవలోని బదులు నువ్వు కనబడాల గదా."

మార్చాడు. ఆ ఫోటో నాది కాదు, నా పేజీ ఇది, అని కంపెనీకి మెయిల్ పంపాము. తర్వాత పేజీలో అతనే రాశాడు: "నేను ఎర్రిస్వామి. ఇన్నాళ్లు రాకీ కింగ్ అని ఉంటి. మీ మోటారు నేను బాగు చేసింటే ఒక మాట రాయండి."

మరుసటి రోజు అతనూ నేనూ పేజీ తెరిచాము. మొదటి కామెంటు, "రాకీ నువ్వేనా? మా ఈరోను తిట్నోడివి? ఇంటికి రా, చెప్తా." ఇద్దరం నవ్వాము. దాని కింద కణేకల్ నుంచి ఒక రైతు. కర్ణాటక సరిహద్దు అవతలి నుంచి కన్నడంలో ఇద్దరు. ఎండుతున్న చీనీ, అంటే బత్తాయి చెట్లకు ఆ పూటే నీళ్లు అందించాడని ఒకరు రాశారు. చదివేకొద్దీ కిందికి ఇంకా వస్తూనే ఉన్నాయి.

అక్కడ ఒకదాని దగ్గర ఆగాను. "హనుమక. మా బోరు. నీలు వచినయి. ఎరిసామి మంచి పిలగాడు."

హనుమక్క మేకలు కాస్తుంది. నలభై దాటాక ఆమే నేనూ సాయంకాలపు బడిలో పక్కపక్కన కూర్చుని అక్షరాలు దిద్దాము. నేను కంప్యూటరు దాకా నేర్చుకున్నాను, సంతకం వస్తే చాలని ఆమె మానేసింది. అంతకు మించి ఆమె రాయగా నేను ఎన్నడూ చూడలేదు. మనవరాలి ఫోన్ తీసుకుని ఒక్కో అక్షరం ఏరుకుని ఉంటుంది. ఆ నాలుగు ముక్కలు బెంగళూరులో ఎవరో అద్దాల గదిలో కూర్చుని చూడగలరు. నేను రోజూ నలుగురికీ ఇదే పని చేసి పెడతాను. అయినా ఆ రోజు దాన్ని మళ్లీ మళ్లీ చదివాను.

మూడో రోజు నా సెంటర్‌లో ఉండగానే అతని ఫోన్ మోగింది. నాకూ వినబడేలా స్పీకర్ పెట్టాడు. మేడం కన్నడంలో మాట్లాడింది. పొరపాటు పడ్డామని చెప్పి, అన్నీ చదివానంది. తెలుగు రాదట, ఆఫీసులో ఒకరితో చదివించుకుందట.

"ఆ హనుమక్క ఎవరు?" అని అడిగింది.

"మా ఊరి అవ్వ మేడం."

"ఆమెకు ఏం చేశావు?"

ఎర్రిస్వామి తెల్లబోయి నా వైపు చూశాడు. "మోటారు బాగు చేస్తి మేడం. అంతే."

ఆర్డరు వచ్చింది. ఉద్యోగం వెతికేవాళ్లు నా దగ్గరికొచ్చి పేజీలో ఏమేం తీసేయాలని అడుగుతారు. తీసేయాల్సినవి ఉంటాయి, చెబుతాను. కానీ ముందు వాళ్ల పేరు వాళ్లచేతే కొట్టిస్తాను. ఎవరు కనబడుతున్నారో చూసుకోమంటాను. మనం లేనిచోట మన పేరుతో ఇంకెవరో నిలబడి ఉంటారని, మనల్ని ఎరిగినవాళ్లు పలికితేనే వాళ్లు పక్కకు జరుగుతారని నాకు తెలిసింది అప్పుడే.

ఉద్యోగంలో చేరబోయే ముందు ఎర్రిస్వామి చెప్పి వెళ్లడానికి వచ్చాడు. హనుమక్క కామెంటును పేజీలో అన్నిటికంటే పైన పెట్టుకున్నాడు.

"తప్పులుండాయి గదప్పా, ఆయమ్మతో దిద్దించనా?" అన్నాను.

"వద్దక్కా. ఆయమ్మ ఎట్ల రాసిందో అట్లే ఉండనీ."