ష్లెస్విగ్ కెథీడ్రల్‌లో సీమకోళ్ళు, మా మావయ్య తూకం గుండు

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ష్లెస్విగ్ ఒక్క పూటలో చేరుకోవచ్చని నాకు చెప్పింది ఫోన్లోని రైలు యాప్. దాన్ని నమ్మే వయసు నాకు దాటిపోయింది. అయినా బయలుదేరాను, ఎందుకంటే మా మావయ్య నన్ను అడక్కుండానే ఊరందరికీ మాటిచ్చేశాడు. మావయ్య అంటే మా అమ్మ అన్నయ్య. సాలూరు దగ్గర ఒక ఊళ్ళో మేస్త్రీ. నలభై ఏళ్ళుగా ఇళ్ళూ బళ్ళూ కడుతున్నాడు. ఆ ఊళ్ళో మా తాతల నాటి పెంకుల చర్చి ఒకటుంది. జర్మనీ ఉత్తరం నుంచి వచ్చిన దొరలు కట్టించినది. బలిపీఠం వెనక గోడ కొంచెం బయటికి ఒరిగింది. దాని మీద ఆ దొరల్లో ఒకాయన తన చేత్తో వేసిన ద్రాక్షతీగ బొమ్మ ఉంది. చర్చి సంఘంలో సగం మంది ఆ గుడి పడగొట్టి స్లాబు వేద్దామంటున్నారు. మిగతా సగం మంది దొర బొమ్మ పోతుందని వద్దంటున్నారు. ఆఖరి మాట మేస్త్రీదే అన్నారట. శనివారం సాయంత్రం ఏడున్నరకి అక్కడ మీటింగు, అంటే ఇక్కడ వేసవిలో నాలుగు గంటలకి. మూడు వారాల కోసం మా ఇంటికి వచ్చిన మావయ్య, "ఆ దొరల జిల్లాలో పెద్ద గుడి సూసొచ్చి సెప్తాను" అనేశాడు.

నేను బ్యాంకుల సాఫ్ట్‌వేర్ చూసే మనిషిని. వారమంతా జనం అరుపులు వింటాను. శనివారం తెల్లవారుజామున ఐదున్నరకి స్టేషన్లో నిలబడటం నాకు ఇష్టమైన పని కాదు. పైగా మావయ్య సంచీ చాలా బరువుగా ఉంది. "ఏటున్నాది మావయ్యా ఇందులో" అంటే "పులిహోర" అన్నాడు. పులిహోర అంత బరువుండదని నాకు అప్పుడే తట్టాల్సింది. హాంబుర్గ్‌కి నాలుగు గంటల ప్రయాణం. టికెట్లు రెండు వారాల ముందే తీసుకున్నాను కాబట్టి కొంత చవగ్గానే పడ్డాయి. దారిలో సిగ్నల్ ఏదో చెడిపోయిందని ఒక పొలం మధ్య యాభై నిమిషాలు ఆగాం. మావయ్య మాత్రం కిటికీలోంచి ఒక ఇటుకల కొట్టం చూస్తూ, దాని మూలలు ఎంత బాగా కుదిరాయో నాకు వివరించాడు. నేను గడియారం చూసుకుంటూ పులిహోర తిన్నాను.

హాంబుర్గ్ నుంచి ఫ్లెన్స్‌బుర్గ్ వెళ్ళే రీజనల్ రైలెక్కితే ష్లెస్విగ్ దాదాపు గంటన్నర, పైన ఇంకొంచెం. దేశమంతా రీజనల్ రైళ్ళలో చెల్లే డాయిచ్‌లాండ్ టికెట్ ఉంటే ఈ ముక్కకి వేరే ఖర్చు లేదు. మేం దిగేసరికి ఒంటిగంట దాటింది. స్టేషన్ ఊరికి ఒక చివర, గుడి ఇంకో చివర. బస్సు డ్రైవర్ని గుడి దగ్గర ఆగుతారా అని అడిగితే, ఇవాళ సంత ఉంది, దారి మళ్ళించారు, నడిస్తే ముందు చేరతారు అన్నాడు. ఆయన గొంతులో జాలి ఏమీ లేదు. ముప్పావుగంట నడిచాం. దూరం నుంచే కనిపించే ఆ ఎత్తయిన శిఖరం ఎంతకీ దగ్గరికి రాదు. తీరా చేరాక తలుపు మీద కాగితం ఉంది, లోపల పెళ్ళి జరుగుతోంది, మూడింటి వరకు సందర్శకులకు ప్రవేశం లేదని. నాకు అక్కడే కూర్చుని ఏడవాలనిపించింది.

"పెళ్ళంతే శుభమే కదేటి. బయట సూద్దాం రా" అన్నాడు మావయ్య. బయట చూడటానికి చాలా ఉంది, అది ఒప్పుకుంటాను. ఈ ఊరు ఇప్పుడు జర్మనీలో ఉన్నా శతాబ్దాల తరబడి డెన్మార్క్ రాజ్యపు బిషప్పుల పీఠం. లోపల ఒక డేనిష్ రాజు సమాధి కూడా ఉంది. కట్టడం పన్నెండో శతాబ్దంలో మొదలైంది. కింద గ్రానైట్, దాని పైన రైన్ నది వైపు నుంచి ఓడల మీద తెచ్చిన తేలికపాటి బూడిదరంగు రాయి, ఆ పైన ఎర్ర ఇటుక. ఏ కాలంలో ఏది చేతికొస్తే దానితో కట్టుకుంటూ పోయారు. శిఖరం మాత్రం పందొమ్మిదో శతాబ్దం చివర్లోది. మావయ్య వేలితో చూపిస్తూ ఎక్కడ పాతది ఆగి కొత్తది మొదలైందో నాకంటే ముందే చెప్పాడు. నేను ఫోన్లో చదివి సరిచూసుకున్నాను. గోడలకి బయటినుంచి ఆనించి కట్టిన లావుపాటి రాతి దన్నుల దగ్గర చాలాసేపు నిలబడ్డాడు.

మూడింటికి పెళ్ళివారు బయటికొచ్చారు, మేం లోపలికి వెళ్ళాం. టికెట్ లేదు, విరాళం పెట్టె ఉంది. ముందు భాగంలో ఓక్ చెక్కతో చేసిన బలిపీఠం, దాదాపు ఏడు నిలువుల ఎత్తు. నాలుగు వందలకు దగ్గరగా చిన్న చిన్న మనుషుల బొమ్మలు, ఒక్కదానికీ రంగు లేదు. "రంగు ఎయ్యకుండా వొగ్గీసినాడు సూడు, పనోడికి నమ్మకం" అన్నాడు మావయ్య. నేను ఫొటో తీసి వెనక్కి తిరిగేసరికి ఆయన పక్కన లేడు. ఒక స్తంభం దగ్గర వంగుని సంచీ విప్పుతున్నాడు. సంచీలో బరువు ఏమిటో అప్పుడు తెలిసింది. తూకం గుండు, గోడ నిలువుగా ఉందో లేదో చూసేది. దారం పైకెత్తి పట్టుకుని, ఇనప గుండు ఊగడం ఆగేదాకా ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు.

గుడి చూసుకునే ఆవిడ చెప్పుల చప్పుడు చేసుకుంటూ వచ్చేసింది. అరవై ఏళ్ళుంటాయి, మెళ్ళో తాళాలు. ఈయన మా మావయ్య, ఇండియాలో మేస్త్రీ, దేన్నీ తాకడు, క్షమించండి అని జర్మన్లో గబగబా చెప్పాను. ఆవిడ గుండు వైపు చూసి, "లోట్" అంది. జర్మన్లో దాని పేరు అదేనట. తర్వాత ఒక చిన్న స్టూలు తెచ్చి వేసి, "అడిగి ఉంటే దారం నేనే పట్టుకునేదాన్ని" అంది. పట్టుకుంది కూడా. స్తంభం రెండు వేళ్ళ వెడల్పు ఒరిగి ఉంది. "ఎప్పటి నుంచో అలాగే ఉంది, మేం కనిపెట్టుకుని చూస్తూంటాం, అంతే" అందావిడ. నేను తెలుగులో చెప్పాను. మావయ్య ముఖం విప్పారింది. "మన గోడా రెండు వేళ్ళే" అన్నాడు.

ఆ చనువుతో ఆవిడ మమ్మల్ని పక్కనున్న నడవలోకి తీసుకెళ్ళింది. దాన్ని ష్వాల్ అంటారు, చల్లని నడవ అని అర్థమట. గోడల మీద ఎర్ర గీతలతో పధ్నాలుగో శతాబ్దం నాటి బైబిలు కథల బొమ్మలు. ఒక బొమ్మ కింద గుండ్రటి చట్రాల్లో పక్షులున్నాయి. మావయ్య కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"పాపా, ఇది సీమకోడి కదా."

"టర్కీ కోడి మావయ్యా."

"అదే. సీమకోడంతే ఓడెక్కి వొచ్చిందనే కదా. మరప్పటి గోడ మీదకి ఎలగొచ్చింది?"

నేనా మాట ఎప్పుడూ ఆలోచించలేదు. సీమచింత, సీమతుమ్మ, సీమకోడి, పేరులోనే బయటినుంచి వచ్చిందని ఉంది. ఈ ప్రశ్న జర్మన్లో చెప్పగానే ఆవిడ నవ్వేసింది. అమెరికా దారి తెలియక ముందు వేసిన బొమ్మల్లో అమెరికా కోడి ఉండటం చూసి, మా ఉత్తరాది నావికులే ముందు అక్కడికి వెళ్ళారని చదువుకున్నవాళ్ళు చాలా గొప్పగా రాసుకున్నారట. తీరా చూస్తే, చెరిగిపోయిన బొమ్మలు బాగుచేయడానికి పందొమ్మిదో శతాబ్దంలో వచ్చిన పనివాడు తనకి తెలిసిన కోడిని వేసి వెళ్ళాడట.

మావయ్య పెద్దగా నవ్వాడు. నడవంతా మోగింది. తర్వాత ఉన్నట్టుండి ఆగిపోయి, బల్ల మీద కూర్చున్నాడు. టైము నాలుగుకి పది నిమిషాలు తక్కువ. "ఫోన్ చెయ్యాలి మావయ్యా, ఏం చెప్తావో ఆలోచించుకున్నావా" అన్నాను కాస్త విసుగ్గా.

"మన గుడిలో ద్రాక్షతీగ దొరది కాదే పాపా. నాదే" అన్నాడు.

ఇరవై రెండేళ్ళ వయసులో సున్నం వెయ్యడానికి గోడ గీకుతుంటే దొర బొమ్మ పెచ్చులుగా ఊడిపోయిందట. పాస్టరు గారు ఊళ్ళో లేరు. భయపడి రాత్రికి రాత్రి రంగులు కలిపి, గుర్తున్నంతలో మళ్ళీ వేసేశాడు. అప్పటికి ద్రాక్షపళ్ళు కళ్ళతో చూడలేదు. అందుకని ఈత గెలలు వేశాడు. నాకు చిన్నప్పటి సంగతి గుర్తొచ్చింది. విజయనగరం బజార్లో మొదటిసారి ద్రాక్షపళ్ళు చూసి, ఇవి వేరే రకం కాబోలు అనుకున్నాను. నాకు కోపమొచ్చింది. ఇన్నేళ్ళూ ఊరంతటినీ నమ్మించి, ఆ బొమ్మ పేరు చెప్పి గుడి నిలబెట్టాలనుకున్నాడా. అది అడిగేలోపు ఫోన్ మోగింది. సంఘం పెద్ద దానియేలు గారు. స్పీకర్ పెట్టాను.

"దానియేలన్నా, ముందొక మాట. ఆ ద్రాక్షతీగ దొర ఎయ్యనేదు. నాను ఏసినాను."

మావయ్య ఫోన్‌కి ఇంకాస్త దగ్గరగా జరిగాడు.

"తెలుసురా" అన్నారు దానియేలు గారు. "ద్రాక్షతీగకి ఈత గెలలు నువ్వు కాపోతే ఎవుడు కాయిత్తాడు? ఆ మర్నాడు నీ లాగూ నిండా పచ్చరంగే. ఉతకనేక మీ యమ్మ మా ఇంటికొచ్చి నిన్ను తిట్టింది."

"మరి ఇన్నేళ్ళూ దొర బొమ్మనే అంతన్నారు కదా."

"నువ్వు సెప్పనేదు, మేం అడగనేదు. అది వొగ్గీ. నిన్ను బొమ్మ గురించి అడగనేదు. గోడ నిలబడతాదా నేదా?"

మావయ్య తూకం గుండు ఒళ్ళో పెట్టుకుని, దారం వేలికి చుట్టుకుంటూ ఉన్నాడు.

"నిలబడతాది. బయట రెండు రాతి దన్నులు కడతాను. ఎవుడూ ముట్టుకోవొద్దు."

"అయితే ముట్టుకోం" అన్నారాయన. మీటింగు అంతే.

ఆ సాయంత్రం హాంబుర్గ్ వెళ్ళే రైలు మళ్ళీ ఆలస్యం. నాకు మామూలుగా వచ్చే కోపం కూడా రాలేదు, అలిసిపోయాను కాబట్టి కావచ్చు. ఆ గుడి గురించి నేను చదివిన దానికంటే ఎక్కువ నాకు తెలిసింది ఒక ఒరిగిన స్తంభం దగ్గరా, ఒక తప్పు కోడి దగ్గరా. ఎనిమిది వందల ఏళ్ళకి పైగా ఎవరికి వాళ్ళు తమకి తెలిసింది కట్టారు, తెలియనిది ఊహించి వేశారు, తర్వాతివాళ్ళు తప్పులు తెలుసుకుని కూడా గోడలు ఉంచుకున్నారు. మావయ్య మీద కోపం స్టేషన్‌కి నడిచేసరికే పోయింది. రైల్లో కూర్చున్నాక ఆయన నా నోట్‌బుక్ అడిగి తీసుకుని, హాంబుర్గ్ దాకా రాతి దన్నుల కొలతలు రాసుకున్నాడు. చివరి పేజీలో ఒక ద్రాక్షగుత్తి గీసి నాకు చూపించి, "ఇలగేనా?" అని అడిగాడు. ఇలాగే అన్నాను. "అయినా ఆ గోడ మీది ఈత గెలలు ముట్టుకోను" అన్నాడు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒకే మాట. శనివారాలు లోపల పెళ్ళిళ్ళు ఉండొచ్చు కాబట్టి ముందు ఫోన్ చేసి కనుక్కోండి. మీ సంచీలో తూకం గుండు ఉంటే ఆ సంగతి కూడా అప్పుడే చెప్పండి, దారం పట్టుకోవడానికి మనిషి దొరుకుతుంది.