పెద్దదైందా, దాక్కుందా?

మా సందులో ఉండే డ్రిల్లు మాస్టారు పోయారు. కబురు వచ్చేసరికి నేను నందిగామలో నా మ్యాచింగ్ సెంటర్లో ఉన్నాను. పెళ్లివారొకరు తెచ్చిన నెమలికంఠం రంగు చీరకి జాకెట్టు గుడ్డ వెతుకుతున్నాను. ఫోన్ చేసింది మాస్టారి భార్య. ఆవిణ్ణి నేను పిన్నిగారు అంటాను. "అమ్మాయ్, మీ మాస్టారు లేవట్లేదమ్మా" అన్నారు. తెల్లారకుండానే లేచి జగ్గయ్యపేటలో సగం వీధులు చుట్టొచ్చే మనిషి లేవకపోవడమేమిటో నాకు చప్పున తట్టలేదు. "లేపండి పిన్నిగారూ" అన్నాను కూడా. అవతల ఆవిడ ఏడుపు వినపడ్డాక గానీ అర్థం కాలేదు.

మీరు ఆయన్ని ఎరిగి ఉండరు. హైస్కూల్లో పిల్లల చేత కబడ్డీ ఆడించి, రిటైరై, మా పక్కింట్లో స్థిరపడ్డ మనిషి. ఆయన గురించి నాలుగు ముక్కలు రాయాలనుకోవడానికి కారణం కబడ్డీ కాదు, ఒక బొమ్మల సీరియల్. అంతరిక్షంలో యుద్ధాలు చేసే ఒక పిల్ల ఏ భాగానికాభాగం ఎలా ఎదుగుతోందో, డెబ్బై దాటిన ఈ పెద్దాయన మా హాల్లో కూర్చుని నెలల తరబడి చూశారు. చూడటమంటే మనం చూసినట్టు కాదు. పరీక్ష పేపరు దిద్దినట్టు చూశారు. ఎందుకంత ఇదిగా చూశారో నాకు ఇప్పటికీ తేలలేదు. తేలలేదు కనకనే రాస్తున్నాను.

మా అమ్మాయి అక్షిత తొమ్మిదో తరగతి. స్కూలు కబడ్డీ జట్టులో కూతకి వెళ్లేది అదే. నిరుడు నందిగామలో జరిగిన మ్యాచ్‌లో ఎడమ మోకాలు మెలి పడింది. కట్లు, మందులు, వ్యాయామాలు అన్నీ అయ్యాయి. ఇక ఆడుకోవచ్చని డాక్టరుగారు చెప్పారు. డాక్టరు చెప్తే సరిపోతుందా, పిల్లకి నమ్మకం కుదరద్దూ? అది నేలకేసి చూసుకుంటూ నడిచేది. మెట్లెక్కేటప్పుడు ఎడమకాలు ముందు పెట్టేది కాదు. సాయంత్రమైతే టీవీ ముందు చేరి ఆ బొమ్మల సీరియల్ పెట్టుకునేది. మా ఆయనకి ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టులు, నాకు షాపు. దాని బెంగ మా ఇద్దరికీ తెలుసు, దాన్ని ఎలా తీయాలో మాత్రం తెలియదు.

ఒక సాయంత్రం మాస్టారు దాన్ని గ్రౌండుకి పిలవడానికి వచ్చారు. అది లేవలేదు. ఆయన గుమ్మంలోనే నిలబడి టీవీ వంక చూశారు.

"ఏందే ఆ పిల్ల చేతిలో, ఒడిసెలా?"

"స్లింగ్ తాతా. వెలుతురు విసురుద్ది."

"ఒడిసెలే" అంటూ ఆయన లోపలికొచ్చి కూర్చున్నారు. చిన్నప్పుడు వత్సవాయి దగ్గర జొన్నచేలో మంచె ఎక్కి, ఒడిసెలతో రాళ్లు విసిరి చిలకల్ని తోలిన మనిషి. దొరికిన కుర్చీ లాక్కుని, జేబులోంచి వేయించిన వేరుశెనక్కాయలు తీసి దాని ముందు పోశారు. గ్రౌండు మాట మళ్లీ ఎత్తలేదు.

కథ ఇదీ. మూడు చందమామలున్న లోకం. ఒక చందమామ నుంచి ఇంకోదానికి నీళ్లు మోసుకుపోయే ఓడలు. ఆ నీళ్ల కోసం కాచుకుని ఉండే దొంగలు. ఓడలకి కాపలా కాసే దండులో అందరికన్నా చిన్నది ఈ పిల్ల, పన్నెండేళ్లది. అక్షిత ఇదంతా వివరంగా చెప్పింది. ఆయన శ్రద్ధగా విని, "మూడు చందమామలుంటే ఏకాదశి ఎట్టా లెక్కేస్తారే?" అన్నారు.

"అక్కడ ఏకాదశి ఉండదు తాతా."

"అయితే మీ మామ్మని అక్కడికి పంపకూడదు. ఉపాసం లేక చిక్కిపోద్ది."

అక్షిత పకపకా నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో నాకు అప్పుడు తెలిసింది. వంటింట్లో పోపు మాడబెట్టుకున్నాను.

మర్నాడు పిలవకుండానే వచ్చారు. ఆ తర్వాత రోజూ వచ్చారు. "ఆపు. వెనక్కి తిప్పు. కాళ్లు కనపడేదాకా తిప్పు" అనేవారు. మనం ఎవరినైనా చూస్తే మొహం చూస్తాం. ఆయన పాదాలు చూసేవారు. అదేమిటి మాస్టారూ అని నేనడిగితే, "మొహం అబద్ధమాడుద్దమ్మా. కాళ్లకి అంత తెలివుండదు" అన్నారు.

మొదటి భాగంలో ఆ పిల్ల ఎప్పుడూ గాల్లోనే ఉండేది. పెద్దవాళ్లు ఆగమనేలోపే దూకేది, విసిరేది, గెలిచేది. ఆయన పెదవి విరిచారు. "గెలిచింది గానీ, ఏం చూసి దూకిందో దానికే తెలీదు" అన్నారు. రెండో భాగంలో దాని తొందర కొంప ముంచింది. ఒక దొంగని తరుముతూ కాపలా వదిలేసి పోయింది. తిరిగొచ్చేసరికి ఓడ లేదు. అందులో నీళ్లూ లేవు, దాన్ని మనవరాలిలా చూసుకున్న ముసలి చోదకుడూ లేడు. ఆ గొడవలో దానికీ కాలు దెబ్బతింది. మూడో భాగంలో అది ఒడిసెల ముట్టలేదు. వరస చివర నడుస్తూ, చిన్నాచితకా పనులు చేసుకుంటూ ఉండేది. ఈ భాగం బోరు కొట్టిందని పిల్లలందరూ తిట్టారట. అక్షిత ఫోన్లో అవన్నీ చదివి వినిపించింది.

మాస్టారికి మాత్రం అన్నింట్లోకి అదే నచ్చింది. "ఇప్పుడేగా చూడాల్సింది. కాలు బాగైంది. ఆ సంగతి కాలికి ఇంకా తెలియలా. ఎప్పుడు తెలుసుద్దో చూద్దాం" అన్నారు. అక్షిత శెనక్కాయలు ఒలుస్తూ కూర్చుంది.

నేనూ ఒకటి కనిపెట్టాను. మొదటి భాగంలో ఆ పిల్ల చొక్కా చిలకాకుపచ్చ. మూడో భాగానికి పాచి రంగులోకి దిగింది. రోజంతా తానుల మధ్య బతికేదాన్ని, నాకు కనపడక ఎవరికి కనపడుతుంది? ఆ మాట అంటే మాస్టారు కుర్చీలోంచి లేచొచ్చి మరీ అడిగారు. "ఉతికి ఉతికి వెలిసిందా, వాళ్లే మార్చారా?"

"వెలిస్తే కుట్ల దగ్గర, అంచుల దగ్గర ముందు పోద్దండి. ఇది అంతటా ఒకేలా ఉంది. మార్చారు."

"ఇది నాకు తట్టలా" అని ఎంత సంబరపడ్డారో. అప్పట్నించీ కొత్త చొక్కా కనపడితే చాలు, "అమ్మాయ్, ఇదేం రంగు?" అని వంటింట్లోకి కేక. గరిటె చేత్తో పట్టుకుని వచ్చి చెప్పేదాన్ని. కూతురు తలపట్టుకునేది.

నాలుగో భాగం మొదట్లో పెద్ద వాదన జరిగింది. అందులో ఆ పిల్ల, పదిహేడేళ్లది, కాపలా దండులో కొత్తగా చేరిన చిన్నపిల్లలకి ఒడిసెల నేర్పిస్తుంది. ఒక బొమ్మలో ఎడమకాలి మీదే బరువంతా వేసి, కుడికాలు వెనక్కెత్తి, చెయ్యి తల మీంచి తిప్పుతుంది. మాస్టారు ఆపించారు.

"ఇట్టా నిలబడితే పడిపోద్ది. గీసినోడు జన్మలో గెంతినట్టు లేడు."

"పడదు తాతా" అంది అక్షిత.

"పడుద్ది."

"పడదు."

"నాకు చెప్తన్నావా? ఎంతమందిని ఆడించా. పడుద్ది."

దానికి రోషం వచ్చింది. లేచి, ఆయన భుజం మీది తువ్వాలు లాక్కుని, హాలు మధ్యలో ఎడమకాలి మీద నిలబడింది. కుడికాలు వెనక్కెత్తింది. తువ్వాలు తల మీంచి గిర్రున తిప్పింది. నేను వంటింటి గుమ్మంలోంచి చూస్తున్నాను. అది పడలేదు. ఏ కాలి మీద నిలబడ్డదో అప్పుడు దానికీ తెలిసినట్టుంది, గబుక్కున కాలు దించి కూర్చుంది. మాస్టారు శభాష్ అనలేదు. "ఊఁ. అయితే గీసినోడికి తెలుసన్నమాట" అన్నారు. "తర్వాతది పెట్టు" అన్నారు.

ఆ వారంలోనే అక్షిత మళ్లీ గ్రౌండుకి వెళ్లింది. నా ఆనందం ఏమని చెప్పను. కానీ ఆడటానికి కాదు. మెడలో విజిల్ వేసుకుని ఆరు, ఏడు తరగతుల పిల్లలకి నేర్పించడానికి. తను గీత దాటి లోపలికి వెళ్లేది కాదు. సీరియల్లో ఆ పిల్లదీ అదే తంతు. ఎంత ప్రమాదం వచ్చినా తను విసరదు, పక్కనుండి చిన్నవాళ్లకి చెప్తుంది. నెమ్మదిగా మాట్లాడుతుంది. ఎదగడమంటే ఇదే కదా అనుకున్నాను. మాస్టారితో అన్నాను కూడా, "పిల్ల ఎదిగిందండి" అని.

ఆయన ఒక శెనక్కాయ నోట్లో వేసుకుని, "పెద్దదైందా, దాక్కుందా?" అన్నారు.

"ఎవరండీ?"

"ఆ బొమ్మ పిల్ల."

పక్క గదిలో ఉన్న అక్షిత విసురుగా బయటికొచ్చింది. "నేర్పిస్తే దాక్కున్నట్టా? మీరు నేర్పించలేదా?"

"నేను మోకాళ్లు అరిగాక నేర్పించానే. దానికి పదిహేడేళ్లేగా."

"మరి పెద్దదవడానికీ దాక్కోడానికీ తేడా ఏంటి?"

"బయటికి రెండూ ఒకేలా కనపడతయ్యి. అదే తంటా" అన్నారాయన.

అప్పట్నించీ రోజూ ఇదే పంచాయితీ. దాని మొహం చూడండి, ఎంత ప్రశాంతంగా ఉందో అని అక్షిత. ఎప్పుడు చూసినా ఓడ తలుపు పక్కనే నిలబడి ఉంటందేంటి అని ఆయన. నిజమే, వెనక్కి తిప్పి చూస్తే ప్రతిసారీ తలుపు పక్కనే ఉంది. పిల్లల్ని ముందు లోపలికి పంపడానికి అక్కడ ఉందేమో అని అక్షిత. అదీ నిజమే కావచ్చని ఆయన ఒప్పుకున్నారు. విసిగిపోయి చివరికి అది, "మీరే చెప్పండి తాతా, ఏది?" అంది. "నాకూ తెలీదే. తెలిస్తే ఇంక చూడ్డమెందుకు?" అన్నారు. నాలుగో భాగం కూడా ఏమీ తేల్చకుండానే అయిపోయింది.

ఒకరోజు అది స్నానానికి వెళ్లినప్పుడు ఆయన్ని సూటిగా అడిగేశాను. "మాస్టారూ, ఇదంతా మా దాన్ని ఆడించడానికేనా అండి?"

ఆయనకి నిజంగానే కోపం వచ్చింది. "ఛ. షాపు నడిపి నడిపి నీకు ప్రతిదాని వెనకా బేరమే కనపడతంది. ఆ బొమ్మ పిల్ల సంగతి నాకు తేలాలి, అంతే" అన్నారు. సగం నమ్మాను.

మిగతా సగం అనుమానం ఆయన పోయాక పిన్నిగారి మాటతో కదిలింది. "ఇంట్లో తలుపు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడేవారే అమ్మాయ్. ఈ వయసులో నడుం విరుగుద్ది, దిగండీ అని తిట్టేదాన్ని. నిలబడొచ్చే, పడం అనేవారు" అని చెప్పి ఆవిడ ఏడుస్తూనే నవ్వారు. ఆ వాదనకి ముందా, తర్వాతా అని అడిగాను. ముందైతే, పడిపోద్ది అని ఆయన కావాలనే పందెం వేసినట్టు. తర్వాతైతే, పిల్ల చేసి చూపించింది నిజమేనా అని తనూ చేసి చూసుకున్నట్టు. ఆవిడకి గుర్తులేదు. ముందైనా తర్వాతైనా, తన బిడ్డ కోసం ఇంత ఓపిగ్గా కూర్చున్న మనిషిని ఏ తల్లి మరిచిపోతుంది?

ఆ ఉదయం ఫోన్ రాగానే షట్టరు దించి బస్సెక్కాను. హైవే మీద లారీల వెనక బస్సు నత్తనడక నడిచింది. రాత్రి పడిన వానకి మా సందంతా ఇంకా తడిగానే ఉంది. ఆయన్ని ముందుగదిలో చాప మీద పడుకోబెట్టారు. అక్షిత నాకన్నా ముందే వచ్చి, గోడకి జారగిలబడి కూర్చుని ఉంది. పిల్లలకి నేర్పిస్తుండగా గ్రౌండులోనే కబురు అందిందట. కళ్లు వాచిపోయాయి. దాని పక్కన కూర్చుని తల నిమిరాను.

కాసేపటికి ఎవరికో దారి ఇద్దామని వసారాలోకి వచ్చాను. అప్పుడు కనపడ్డాయి, గేటు దగ్గర్నించి గది దాకా తెల్ల గచ్చు మీద ఎర్రమట్టి అడుగులు. చెప్పులు లేని చిన్న పాదాలు. అడుగుకీ అడుగుకీ మధ్య ఎంత దూరమో, నేను రెండంగలు వేసినా అందదు. ఒక్కదానికీ మడమ లేదు. వేళ్లూ, ముందరి పాదమే ఉన్నాయి. ఎడమకాలిదీ కుడికాలంత గట్టిగానే దిగింది. మెట్టు మీద ఉన్నది ఒక్కటే అడుగు. అది ఎడమకాలిది.

లోపలికి వెళ్లి అక్షిత చెవిలో అడిగాను. "పరిగెత్తుకుంటా వచ్చావా?"

"ఏమో అమ్మా. గుర్తులేదు" అంది.

బంధువులావిడ ఒకరు తడిగుడ్డ తెచ్చి గచ్చు తుడవబోయింది. కాసేపు ఉండనివ్వమన్నాను. వచ్చేపోయేవాళ్లు ఎందుకో వాటిని తొక్కకుండా పక్కనించి నడిచారు. వసారాలోకి ఎండ వచ్చేసరికి మట్టి ఆరి, వేళ్ల గుర్తులు ఒక్కొక్కటే స్పష్టంగా కనపడటం మొదలుపెట్టాయి.