వంటామె ఏమైపోయింది?

ఉద్యోగంలో చేరిన ఆ కొత్త రోజుల్లో నాకు తెలియని సంగతి బెంగుళూరు మొత్తంలో ఒక్కటీ లేదు. ఒకవేళ ఉన్నా, అది తెలుసుకోదగ్గది కాదని నా ధీమా. ఇరవై మూడేళ్ళ వయసు, మెడలో ఆఫీసు కార్డు, మహదేవపురలో పదకొండో అంతస్తులో సీటు, ఇంకేం కావాలి మనిషికి! ఆ ఏడాదే ఒక లావుపాటి మాయాలోకపు నవల సినిమాగా వచ్చింది. రాజులు, రెక్కల గుర్రాలు, తగలబడే పట్టణం, అన్నీ ఉన్నాయి. మూడుసార్లు చూశాను. తొమ్మిదివందల పేజీల ఆ నవల కూడా కొన్నాను. కొన్నాను అంటున్నాను, గమనించండి. దాన్ని చంకలో పెట్టుకుని క్యాంటీన్లో అటూ ఇటూ తిరిగేదాన్ని. "సినిమా చూసేశాం కదా, మళ్ళీ పుస్తకమెందుకు?" అని ఎవరైనా నోరుజారితే చాలు, వాళ్ళ కాఫీ చల్లారేదాకా వదిలేదాన్ని కాదు. సినిమాలో కోసేసినవన్నీ తెలుస్తాయి, పాత్రల మనసులో ఏముందో తెలుస్తుంది, మొహాలు మనకు నచ్చినట్టు ఊహించుకోవచ్చు, ఇలా ఏడు కారణాలు గడగడా అప్పజెప్పేదాన్ని. (ఏడూ పుస్తకం వెనక అట్ట మీదా, ఇంటర్నెట్లోనూ ఏరుకున్నవే. నేను చదివింది పద్నాలుగో పేజీ దాకా. అందులో నాలుగు పేజీలు మ్యాపులు.)

మా ఇల్లు పాత పేటలో. ఇంట్లో మా అవ్వ, నలభై ఏళ్ళు కల్యాణ మంటపాల్లో పెళ్ళిళ్ళకు వండిన మనిషి. మోకాళ్ళు మొరాయించాక గరిటె వదిలేసి కథల్లో పడింది. శనివారం సాయంత్రం మా వీధి ఆడవాళ్ళ భజన అయ్యాక, అవ్వ ఆ వారం చూసిన సినిమా కథ చెప్పాలి. అది వాళ్ళ ఆచారం. వ్రతకథ వినేటప్పుడు అక్షింతలు చేతిలో పట్టుకుని కూర్చుంటాం చూడండి, అచ్చం అలాగే వీళ్ళు గుగ్గిళ్ళ దొన్నె చేతిలో పట్టుకుని కూర్చుంటారు. కథ పూర్తయ్యేదాకా ఒక్క గింజ నోట్లో వేసుకోరు. పూర్తవడమంటే ఎవరేమయ్యారో చివరి మనిషి దాకా చెప్పడం. ఒక్కరిని వదిలేసినా దోషమే! వారమంతా అవ్వ పూలు కడుతూ ఆ కథే తనలో తాను చెప్పుకునేది. ఆ ఒక్క సాయంత్రం కోసమే ఆమె మిగతా ఆరు రోజులూ బతికేది అంటే అతిశయోక్తి కాదు.

నేను మూడుసార్లు చూసిన ఆ సినిమాను అవ్వకు తెలుగులో చూపించింది నేనే. ఆ శనివారం అవ్వ బ్రహ్మాండంగా చెప్పింది. రెక్కల గుర్రానికి చేతులు రెండూ ఆడించింది కూడా. చివరికి వచ్చేసరికి తానే ఆగిపోయింది. "రాజు సచ్చె, రాణి సన్యాసం బట్టె, గుర్రం యాడికో ఎగిరిపాయ. సరే. దండుకంతా వండిపెట్టిన ఆయమ్మ ఏమైపాయ? సినిమాలో చూపీలేదే!" సినిమాలో ఆ వంటామె కనబడేది రెండే నిమిషాలు, గంగాళం ముందర. ఆమెకు పేరు కూడా లేదు. దొన్నెలు పట్టుకున్న పదిహేను మందీ నా వైపు తిరిగారు. అవ్వ మొహం వెలిగిపోయింది. "మా పాప పుస్తకమే చదివుండాది. చెప్పు పాపా!"

చదవలేదని ఒక్క మాట చెబితే అయిపోయేది. కానీ పదకొండో అంతస్తు మనిషిని కదా! "ఆయమ్మ కొత్త ఊరికి పోయి మెస్సు పెట్టుకునింది అవ్వా. బాగా నడిచింది. ఇద్దరు పనోళ్ళను కూడా పెట్టుకునింది" అనేశాను. "ఒళ్ళేదాయ్తు, మంచి పని చేసింది" అంటూ అందరూ గుగ్గిళ్ళ మీద పడ్డారు. ఒక్కామె తప్ప. ఆమెను మేం సందేహాల పెద్దమ్మ అనేవాళ్ళం. "రెక్కల గుర్రాలుండే ఊళ్ళో మెస్సు యాడిదమ్మా? మా మనవరాలు ఆ పుస్తకం రెండుసార్లు చదివుండాది. వచ్చే శనివారం పిలుచుకోని వస్తా, అడుగుదాము." అవ్వకు పౌరుషం పొడుచుకొచ్చింది. "పిలుచుకోని రా! మా పాప చెప్పింది అబద్ధమైతే నేనింక ఈ భజనలో కథే చెప్పను, పో!"

నా గుండె జారి గుగ్గిళ్ళలో పడింది. సోమవారం నుంచి ఆఫీసు బస్సులో పుస్తకం తెరిచాను. ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్కును జీవితంలో ఆశీర్వదించింది ఆ వారమే. రాజులను దాటేశాను, యుద్ధాలను దాటేశాను, మొగుణ్ణి జాతరలో పోగొట్టుకున్నదానిలా ఒక్క వంటామె కోసం పేజీలు వెతికాను. గురువారం పొద్దున ఆరువందల పేజీల తర్వాత దొరికింది. మెస్సు లేదు, పాడూ లేదు. దండు ఓడిపోయి తిరిగొస్తున్న దారిలో, వానలో, ఆమెకు జ్వరం తగులుకుంటుంది. ఆమె చేతి కూడు తిన్న సిపాయిలు ఒక్కొక్కరే గంజి కాచి తెస్తారు. ఆమె ప్రతిదానికీ వంక పెడుతుంది. ఇందులో ఉప్పెక్కువ, ఇది అడుగంటింది, నీకు నేర్పింది ఇదేనా అంటుంది. యుద్ధంలో పారిపోయాడని అందరూ వెలేసిన ఒక పిరికివాడు చివర్లో భయపడుతూ తెస్తాడు. ఆ గంజి మాత్రం మొత్తం తాగి, ఏమీ అనకుండా కన్ను మూస్తుంది. ఇరవై పేజీలు. మహదేవపుర స్టాపు వచ్చేసరికి నేను వెక్కివెక్కి ఏడుస్తున్నాను. (పక్క సీటాయన అప్రైజల్ వచ్చిందేమో అనుకుని, "నెక్స్ట్ ఇయర్ చూస్కోవచ్చు మేడం" అని ఓదార్చాడు.)

శనివారం కళ్ళద్దాల మనవరాలు రానే వచ్చింది. ఆ పిల్ల నోరు తెరవకముందే నేను లేచి నిలబడ్డాను. "పోయిన వారం నేను చెప్పింది అబద్ధం. అప్పటికి చదవలేదు. ఇప్పుడు చదివినాను" అని మొదలుపెట్టి, జ్వరం, వాన, గంజి, పిరికివాడు అన్నీ చెప్పాను. ఎవరూ దొన్నె కదపలేదు. సందేహాల పెద్దమ్మ కూడా కొంగుతో ముక్కు తుడుచుకుంది. అవ్వ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "ఎన్ని పుటలు రాసినారు పాపా ఆయమ్మ గురించి?" అని అడిగింది. ఇరవై అన్నాను. "సచ్చిపోతే పోయిందిలే. వండిపెట్టినదాని గురించి ఇరవై పుటలు రాసినాడే, ఆ మనిషి చల్లగా ఉండాల" అని కళ్ళు తుడుచుకుంది. తర్వాత చాప మధ్యలోంచి మెల్లగా లేచి, వినేవాళ్ళ వరసలో చివర కూర్చుంది. "మాటంటే మాటప్పా. ఇంగ కథ పాప చెప్తాది. మొదుటి పుట నుంచి."

ఎంత బతిమాలినా వినలేదు. పెద్దమ్మే స్వయంగా వచ్చి, "ఏదో మాటకన్నావు, వదిలేయ్" అన్నా వినలేదు. అలా ఆ నవల మొదటి పేజీ నుంచి తొమ్మిదివందలూ నేను చదవాల్సి వచ్చింది, శనివారం శనివారం చెప్పాల్సి వచ్చింది. సినిమా చూశాక పుస్తకం ఎందుకు చదవాలో ఇప్పుడు నన్నడగండి, ఏడు కారణాలు చెప్పను, ఒక్కటే చెబుతాను. సినిమాకు రాజును చూపించడానికే టైము సరిపోదు, వంటామె దాకా రావాలంటే పుస్తకమే గతి. ఈ మాట ఏ క్యాంటీన్లోనైనా బల్ల గుద్ది చెబుతాను, ఈసారి చదివే చెబుతున్నాను.

కానీ ఒకటుంది. నాకు కథ చెప్పడం రాదు. గుర్రం ఎగిరే చోట నా చేతులు లేవవు, అందరూ ఏడవాల్సిన చోట నేనే ముందు ఏడ్చేస్తాను. ఒకరోజు ఇంటికొచ్చాక, "అవ్వా, నాకు చేతకావడం లేదు, నువ్వే చెప్పు" అన్నాను. అవ్వ నా తల నిమిరి, "నాకంటే నువ్వే బాగా చెప్తాండావు పాపా" అంది. అది అబద్ధమని నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు.