నిషేధంలో తాజా కోనాం

చెయ్యని నేరానికి సొంత బావను పట్టించిన ఘనుణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నన్ను చూడండి. టిక్కెట్టు అక్కర్లేదు.

అప్పట్లో నాకు ద్వారకా నగర్‌లో కొత్తగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది. కాళ్లు నేల మీద ఆనడం లేదు. మా అక్క భర్త అప్పన్న బావకు హార్బర్లో ఓ మరబోటు, కంచరపాలెంలో చేపల కొట్టు ఉన్నాయి. "బావా, నీ కొట్టుకి వెబ్‌సైటు చేసిపెడతాను" అన్నాను. ఆ రోజు ఏ చేపలొచ్చాయో బావ పొద్దున్నే ఫోన్లో రాస్తాడు, జనం ఇంట్లోనే చూసుకుని వస్తారు. అంతే పని.

ఆ అంతే పనిలో నా తెలివి చూపించాను. ఎవరు పేజీ తెరిచినా ప్రోగ్రాం వెళ్లి బావ రాసింది మళ్లీ చదవాలా? దండగ! మొదలైనప్పుడు ఒక్కసారి చదివి గుర్తుపెట్టుకుంటే పేజీ చిటికెలో వస్తుంది. నా లాప్‌టాప్‌లో మాటిమాటికీ ఆపి మొదలుపెట్టేవాణ్ణి కాబట్టి ఎప్పుడూ తాజా సంగతే కనిపించేది. అసలు సర్వర్లో ఒకసారి మొదలెడితే ఆపేవాడెవడు? నన్ను నేను మెచ్చుకునే హడావుడిలో ఆ ముక్క తట్టలేదు.

ముహూర్తం కూడా భలేగా చూశాను లెండి. వేసవి వేట నిషేధానికి ముందురోజు! చేపలు గుడ్లు పెట్టే కాలమని మర్నాటి నుంచి రెండు నెలలు మరబోట్లు సముద్రంలోకి వెళ్లకూడదు. ఆ రోజు బావ 'తాజా కోనాం, ఇప్పుడే మా బోటు తెచ్చింది' అని రాశాడు. కోనాం అంటే వంజరం చేప లెండి. మర్నాడు 'వేట నిషేధం, చేపల్లేవు' అని రాసి, కొట్టు మూసి, వలలు బాగుచేసుకుంటూ కూర్చున్నాడు. నా ప్రోగ్రాం మాత్రం మొదటి రోజు మాటే పట్టుకుని ఊరందరికీ కోనాం చూపిస్తోంది.

వారం తిరిగేసరికి మత్స్యశాఖ ఆఫీసరు బోటు దగ్గరకే వచ్చేశాడు. బావ ఫోన్ చేస్తే పరిగెత్తాను.

"నిషేధంలో వేటకెళ్తున్నావా? లైసెన్సు పోతుంది తెలుసా?" అంటున్నాడు ఆఫీసరు.

"నాను ఎల్లలేదు సార్! బోటు కట్టేసే ఉంది, సూడండి!"

"మరి ఈ తాజా కోనాం ఏమిటి?" ఆయన ఫోను చూపించాడు.

బావ నావైపు తిరిగాడు. "ఏటి బామ్మర్దీ ఇది? ఏటి సేసినావ్?"

"అది పాత కోనాం సార్, నిషేధానికి ముందుది" అన్నాను.

"పాతదా?" బావ లైసెన్సు సంగతి మరిచి గయ్యిమన్నాడు. "నా కొట్లో పాత సేప ఎప్పుడైనా అమ్మినానా? ఈడి మాట నమ్మకండి సార్!"

ఓరి దేవుడా! లైసెన్సు దక్కాలంటే చేప పాతది కావాలి, పరువు దక్కాలంటే తాజాది కావాలి. అక్కడే లాప్‌టాప్ తెరిచి ప్రోగ్రాం ఆపి మళ్లీ మొదలుపెట్టాను. 'చేపల్లేవు' అని వచ్చింది. ఆఫీసరు ఖాళీ ఐసుపెట్టెలు, ఎండిన వలలు చూసి, నన్ను మరీ జాలిగా చూసి వెళ్లిపోయాడు.

"సరైపోయినట్టేనా?" అన్నాడు బావ.

"శాశ్వతంగా!" అన్నాను కాలరెగరేసి. ఆపి మొదలుపెట్టడమే మందనుకున్నాను. రోగం లోపల అలాగే ఉంది.

నిషేధం ఎత్తేశారు. బోటు నిండా కోనాం వచ్చింది. రెండు నెలలు ఖాళీగా కూర్చున్న ఇంటికి ఆ వేటే ఆధారం. కొట్టు ముందు ఈగలు తప్ప ఎవరూ లేరు. బావ పొద్దున్నే కోనాం అని రాసినా సైటు ఇంకా 'చేపల్లేవు' అనే అంటోంది!

బావ గంప నా నెత్తిన పెట్టి వీధిలోకి తోశాడు. "కోనామండీ, కోనాం!" అని అరిచాను. ఒకావిడ తలుపు తీసి, గంపలోకి చూసి, ఫోన్లోకి చూసింది.

"సేపల్లేవని ఉంది కదా బాబూ?"

"కళ్ల ముందే ఉన్నాయి కదమ్మా!"

"ఏమో నాయనా, ఆ సైటు సేసినోడు సదువుకున్నోడంట. అబద్ధం సెప్తాడేటి?"

సాయంత్రానికి నా గొంతు పోయింది గానీ, గంపలైతే ఖాళీ అయ్యాయి. సింహాద్రి అప్పన్న స్వామి మీద ఒట్టు, ఆనాటి నుంచి నా ప్రోగ్రాం ఏ మాటనూ పది నిమిషాలకు మించి గుర్తుపెట్టుకోదు. మా బావ మాత్రం అన్నీ గుర్తుపెట్టుకున్నాడు. ఇప్పటికీ నేను ఇంటికెళ్తే, కుర్చీ కంటే ముందు ఆ గంప తెచ్చి వేస్తాడు.