అక్కయ్య కరెంటు బట్టీ

వీధిలో అందరికీ అతను నిచ్చెన మావయ్య. ఎవరు కొత్త దుకాణం తెరిచినా గోడల మీద చిన్న దీపాల దండలు వేలాడదీసేది అతనే. ఆ పనిలోనే జుట్టు నెరిసింది, మోకాళ్లు అరిగాయి. కిందటేడాది సగం నిచ్చెన ఎక్కి, పైకి పోలేక కిందికి రాలేక బిక్కమొహం వేసుకుని నిలబడ్డాక పని మానేశాడు. అప్పట్నుంచి ఇంట్లో బాగానే ఉన్న స్విచ్చుల్ని విప్పడం, మళ్లీ బిగించడం.

అందుకే అక్కయ్య కబురు పెట్టగానే సంచీ భుజాన వేసుకుని బయల్దేరాడు.

ఉద్యోగం నుంచి రిటైరయ్యాక అక్కయ్యకి మట్టిపాత్రల పిచ్చి పట్టుకుంది. ఎక్కడో మూతపడిన శిక్షణశాల నుంచి కుండలు కాల్చే పాత కరెంటు బట్టీ కొనుక్కొచ్చింది. పెద్ద ఇనప డ్రమ్ములా ఉంటుంది, లోపలంతా తెల్ల ఇటుక, ఇటుకల గాడుల్లో తీగచుట్లు. చుట్లన్నీ తెగిపోయి ఉన్నాయి. అది షెడ్డులో కూర్చుంది, బావ స్కూటరు వానలో నిలబడింది.

"ఈ సాయంత్రం పాతసామాన్లవాడు వస్తున్నాడు," అన్నాడు బావ. "ఈలోగా అది వేడెక్కిందా, ఉంటుంది. లేదా, పోతుంది."

"నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందిట, నువ్వు లోపలికెళ్లు," అని అక్కయ్య తమ్ముడివైపు తిరిగింది. "ఒరేయ్, నా పరువు నీ చేతిలో ఉంది."

ఆమె పరువు సంగతి ఎలా ఉన్నా, తన పరువు మాత్రం ఆ డ్రమ్ములోనే ఉందని అతనికి తెలుసు. నేలమీద కూర్చుని చేసే పని కూడా చేతకాకపోతే ఇక స్విచ్చులే గతి.

పాత తీగ ముక్కల్ని పట్టకారుతో పీకాడు. ఇటుక పొడి బ్రష్షుతో ఊడ్చాడు. అక్కయ్య తెప్పించి ఉంచిన కొత్త చుట్లు మూడూ ఒకే ఎడంతో సాగేలా లాగి, గాడుల్లో ఒద్దికగా కూర్చోబెట్టాడు. బయటి తీగలకి వేడి తగలకుండా పింగాణీ పూసలు తొడిగాడు. మీటరు నుంచి విడిగా లావుపాటి తీగ లాగాడు. భోజనాలయ్యాక స్విచ్చి వేశాడు.

గంట గడిచింది. అక్కయ్య మూత ఎత్తి చెయ్యి లోపల పెట్టింది. తియ్యలేదు.

"హాయిగా ఉందిరా," అంది దిగాలుగా.

బావ తడి మేజోళ్లు తెచ్చి డ్రమ్ము మీద ఆరేశాడు. "దేనికో ఒకదానికి పనికొచ్చింది."

తమ్ముడు స్విచ్చి కట్టేసి అన్నీ మళ్లీ చూశాడు. ఎక్కడా తెగలేదు, వదులు లేదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి, బట్టీ మాత్రం ఎక్కలేదు.

"నీ దండల్లో ఒక దీపం పోతే మిగతావీ పోతాయి కదా," అన్నాడు బావ, ఊరికే ఉండలేక. "దీనికీ అంతేనా?"

"అంతే బావా, ఒకదాని తోక ఇంకోదానికి..."

మాట సగంలో ఆగింది. ఒకదాని తోక ఇంకోదానికి! చేతులు వాటి అలవాటు అవి చూసుకున్నాయి. మూడు చుట్లనీ దీపాల దండలా వరసగా గుచ్చేశాడు. వచ్చే కరెంటంతా ఒక్కో చుట్టుకీ పూర్తిగా అందాల్సింది పోయి, ముగ్గురూ ఒకే ముద్ద పంచుకున్నట్టయింది.

"ఏంట్రా?" అంది అక్కయ్య.

"దీనికి అలంకారం చేశానక్కా," అని నవ్వేశాడు.

నవ్వుతూనే అన్నీ విప్పాడు. ఈసారి మూడు చుట్లకీ మూడు దారులు విడివిడిగా ఇచ్చి స్విచ్చి వేశాడు. మీటరులో చక్రం గిర్రున తిరిగింది. కాసేపటికి షెడ్డులో ముగ్గురికీ చెమట పట్టింది. డ్రమ్ము పక్కన చిన్న చూపుకన్నం ఉంది. అందులో మొదట మసక ఎరుపు, తర్వాత పండిన నారింజ రంగు.

దుకాణాల దీపాల దండలైతే ఎదుటి పేవ్‌మెంటు మీద నిలబడి పదిమందీ ఒకేసారి చూసేవాళ్లు. దీనికి ఒక్క కన్నే పడుతుంది. అక్కయ్య చూసింది, అతను చూశాడు, బావ వంగి కన్ను ఆనించాడు. వంగినవాడు లేవలేదు.

గేటు దగ్గర ఎవరో పిలిచారు.

"అమ్మడం లేదయ్యా, వెళ్లిరా!" అని కేకేశాడు బావ, కన్ను తియ్యకుండానే.

"బావా, జరుగు. నా వంతు."

"నువ్వు ఇందాక చూశావుగా?"

"అప్పుడింకా మసక ఎరుపే!"