కెమెరాకు లాగ్‌బుక్

2024లో బీదర్ పక్కన కొల్హార్‌లో, ఒక చిన్న మందుల ఫ్యాక్టరీలో బాయిలర్ నడిపేవాణ్ని. బాయిలర్ అంటే ఆవిరి పుట్టించే ఇనుప పీపా. పేలితే షెడ్డు మిగలదు. అందుకే సర్కారు దాన్నీ పరీక్షిస్తుంది, నడిపేవాణ్నీ పరీక్షిస్తుంది. ఆ పరీక్ష కోసమే నేను నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను.

ఆ ఏడాది మా సేటు, మందు పొడిని ఆరబెట్టే డ్రయ్యర్ దగ్గరా, బాయిలర్ గదిలోనూ కెమెరాలు పెట్టించాడు. పనివాళ్ల కళ్లు చూసి, ఎవరు నిద్రపోతున్నారో అవే తేల్చి ఆయన ఫోనుకు చెబుతాయి. మూడుసార్లు చెబితే నౌకరి పోయినట్టే. డ్రయ్యర్ మీద పనిచేసే ప్రభుదాసుకు చిన్నప్పటి దెబ్బతో ఎడమ రెప్ప సగం వాలి ఉంటుంది. వారంలోనే రెండుసార్లు అతని పేరు పడింది.

"నేను పండుకోలే మామా. జర సేటుకు చెప్పు," అన్నాడు.

చెప్పాను. సేటు నవ్వాడు. "మెషిన్‌కు ఎవని మీద పగ ఉంటది మల్లయ్యా? నీకే వాని మీద ప్రేమ."

అంతలో బాయిలర్ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. ఒత్తిడి హద్దు దాటితే ఆవిరిని వదిలేసే సేఫ్టీ వాల్వ్‌ను చూసి సీల్ వేశాడు. సేటు ఎదుటే ఆయన్ని అడిగాను.

"సార్, నా బాయిలర్‌కు ఇంత కానూన్ ఉంది. మనిషి నౌకరి తీసే ఆ కెమెరాకు సీల్ ఎవరేస్తరు?"

"అది నా కానూన్‌లో లేదు పెద్దాయనా," అని ఆయన సేటు వైపు తిరిగాడు. "బాయిలర్ మీటర్‌ను కూడా మనిషే చూసి లాగ్‌బుక్‌లో సంతకం పెడతాడు. కెమెరాకూ ఒక బుక్కు పెట్టుకోండి. ఎవరు వద్దన్నారు?"

సేటుకు కోపమొచ్చింది. "సరే, నువ్వే చూడు, నువ్వే రాయి. అబద్ధం రాస్తే నువ్వూ, ఆ ప్రభుదాసూ ఇద్దరూ ఇంటికే."

మూడోసారి ప్రభుదాసు పేరు పడగానే వెళ్లి చూశాను. డ్రయ్యర్ తలుపు బిగిస్తున్నాడు. "రెప్ప వాలింది. మనిషి మేలుకునే ఉన్నాడు" అని రాసి సంతకం పెట్టాను. నౌకరి నిలిచింది.

కొన్ని వారాలకు, ఒక మధ్యాహ్నం, ఎవరో నా భుజం కుదిపారు. ప్రభుదాసు.

"లే మామా! కెమెరా నీ పేరు చెప్తాంది. చూసి రమ్మని సేటు నన్ను పంపిండు. మేలుకునే ఉన్నవని రాసేస్తా."

"అట్ల రాస్తే నీ రెప్ప గురించి రాసింది గుడ అబద్ధమైతదిరా. ఇటియ్యి."

పెన్ను తీసుకుని నేనే రాశాను: "నిద్రపోయాను. కెమెరా చెప్పింది నిజం." చూసినవాడి సంతకం ప్రభుదాసుతో పెట్టించాను.

సేటు చదివి నా ఒక రోజు కూలి కోశాడు. బాయిలర్ దగ్గర నిద్రపోయినవాడికి అది తక్కువే. ప్రభుదాసు గురించి నేను రాసినదాన్ని మాత్రం సేటు మళ్లీ ఎన్నడూ అనుమానించలేదు.

ఇలాంటి యంత్రాలకు సర్కారు కానూన్ తేవాల్సిందే. అందులో మిగతావి చదువుకున్నవాళ్లు రాసుకుంటారు. ఒక్క మాట మాత్రం ఉండాలి: యంత్రం ఏం చెప్పినా, దాని కింద, లేచి వెళ్లి చూసిన మనిషి సంతకం ఉండాలి. తన తప్పు కూడా రాసుకునే మనిషిది.